అనుమతి లేని చెక్క

టీవీకి తగిలించి ఆడుకునే గేమ్ మెషీన్ ఏదైనా సరే, మూత విప్పగానే నాకు ముందు కనిపించేది బొద్దింకే. లోపల వెచ్చగా, చీకటిగా ఉంటుంది. ఫ్యాను పీల్చిన దుమ్ము పరుపులా పరుచుకుని ఉంటుంది. మా వైపు తేమకు అవి అందులోనే గుడ్లు పెట్టి, పిల్లల్ని లేపి, చచ్చి, ఆ చచ్చినవాటి మీదే మళ్ళీ కాపురం పెడతాయి. పవర్ సప్లయి మీద కాలి అతుక్కుపోయిన వాటిని బ్లేడుతో గీకాలి. ఆ వాసన రెండు రోజులు ముక్కును వదలదు. తెనాలి మార్కెట్ వెనక సందులో పాతికేళ్ళకు పైగా ఈ పని చేస్తున్నాను కాబట్టి రోత నాకు కొత్త కాదు. అయినా ఇప్పుడు రాయబోయే సంగతి తలుచుకున్నప్పుడల్లా లేచి చేతులు కడుక్కోవాలనిపిస్తుంది.

మా నాన్న రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. ఇంట్లో ఉర్దూ, గుమ్మం దాటితే తెలుగు మాట్లాడే కుటుంబం మాది. మేం ఇద్దరం ఆడపిల్లలం. అక్కని ఆపా అంటాను. చిన్నప్పుడు వచ్చిన జ్వరంతో ఆపా కుడి చెయ్యి భుజం దగ్గర్నుంచి పడిపోయింది. ఆ చెయ్యి ఎప్పుడూ ఒంటికి ఆనుకుని, బరువుగా, చల్లగా వేలాడుతూ ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. అమ్మ తలంటేటప్పుడు కూడా ఆ చెయ్యి తనే ఎత్తి పట్టుకునేది.

నాకు పద్నాలుగేళ్ళప్పుడు ఒక వీడియో గేమ్ రిపేరుకొచ్చింది. క్యాసెట్టు పైనుంచి దింపి ఆడుకునే రకం. నాన్న బాగుచేశాడు గానీ తెచ్చినవాళ్ళు మళ్ళీ రాలేదు. అది మా ఇంట్లోనే ఉండిపోయింది. దాని రిమోట్ రెండు చేతులతో పట్టుకోవాలి. నేను కార్ల ఆట ఆడుతుంటే ఆపా పక్కన కూర్చుని ఎటు తిప్పాలో చెప్పేది. తను చెప్పినట్టు తిప్పితే గెలిచేదాన్ని, నా ఇష్టానికి తిప్పితే గోడకు గుద్దేదాన్ని. నాన్న రెండు రోజులు అది చూశాడు. మూడో రోజు ఒక పెట్టె చెక్క తెచ్చి చిత్రిక పట్టాడు. రిమోట్ విప్పి, అందులోంచి వైర్లు లాగి, కాలింగ్ బెల్ బటన్లు నాలుగు ఆ చెక్క మీద బిగించాడు. మధ్యలో ఎడమచేత్తో తిప్పుకునే పిడి పెట్టాడు. స్పీడుకు కుట్టుమిషన్ మోటారు పెడల్ ఒకటి కాలి కిందికి ఇచ్చాడు. ఆపా దాని ముందు కూర్చుంది. వారం తిరక్కుండా నేను ఆమెను గెలవడం ఆగిపోయింది. ఈ రోజుకీ గెలవలేదు.

ఆ తర్వాత మెషీన్ల తరాలు మారుతూ వచ్చాయి. క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి, సీడీలు పోయి డీవీడీలు వచ్చాయి, వైర్లు పోయి వైర్‌లెస్ వచ్చింది. ఆపా పెళ్ళి చేసుకుని రేపల్లె వెళ్ళింది, ఇంటి దగ్గర లెక్కల ట్యూషన్లు మొదలుపెట్టింది, నాన్న పోయాడు. చెక్క మాత్రం ఉంది. మెషీన్ మారిన ప్రతిసారీ దాని కంట్రోలర్ ఒకటి విప్పి, వైర్లు తెచ్చి నాన్న చెక్కకు అతకడం నా పని. మా బావగారు లారీ పట్టాలు కుట్టే మనిషి. చెక్కను జారి పడకుండా మోసుకెళ్ళేందుకు పట్టా గుడ్డతో ఒక సంచి కుట్టిచ్చాడు. అందులో పెట్టుకుని రైల్లో తెనాలి తెచ్చేది ఆపా. సాయంత్రానికి కొత్త వైర్లతో తిరిగి పట్టుకెళ్ళేది.

కొత్త తరం మెషీన్ కొనుక్కోమని ఆపాకు చెప్పింది నేనే. పాతది బాగానే పనిచేస్తోంది. కానీ కొత్త ఆటలేవీ దానికి రావడం లేదు. బాపట్లలో టీవీలు, గేములు అమ్మే పెద్ద షాపు ఒకటుంది. ఆ ఓనరు నాకు రిపేర్లు పంపుతుంటాడు. పాతది ఇచ్చి కొత్తది తీసుకోవచ్చన్నాడు. ఆపా రెండు నెలలు ఊగిసలాడింది. పాతదాంట్లో తన ఆటలన్నీ ఉన్నాయి, పదేళ్ళ పందేలు ఉన్నాయి. కొత్తదాంట్లోకి వస్తాయా అని అడిగింది. వస్తాయన్నాను. సగం వచ్చాయి.

అబద్ధం చెప్పకూడదు, పెట్టె తెరిచిన రోజు మాకు మతిపోయింది. బొమ్మ ఎంత స్పష్టంగా ఉందంటే, తడి రోడ్డు మీద ఎదుటి కారు లైటు పడి చెదిరిపోవడం కూడా కనిపించింది. వెనకటి మెషీన్లలో ఆట మొదలయ్యేలోపు టీ పెట్టుకుని తాగొచ్చు. ఇందులో బటన్ నొక్కిన వెంటనే రోడ్డు మీద ఉంటాం. కంట్రోలర్ చేతిలో వణుకుతుంది. గులకరాళ్ళ మీద ఒక రకంగా, వంతెన మీద ఇంకో రకంగా. బ్రేకు వేస్తే బటన్ వేలికి ఎదురు తంతుంది. ఆపా దాన్ని ఎడమ అరచేతిలో పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుంది.

తర్వాత నేను దాని లోపల చూశాను. నా అసహ్యం అక్కడ మొదలైంది. డిస్కు తిప్పే భాగాన్ని మెయిన్ బోర్డుకు రహస్య సంఖ్యతో ముడేశారు. అది చెడితే ఇంకో మెషీన్‌లోది తీసి పెట్టడానికి లేదు, కంపెనీ తాళం తీస్తేనే పనిచేస్తుంది. ఆపా కొన్న ఆట డబ్బాలో అసలు డిస్కే లేదు. ఒక కాగితం ముక్క ఉంది, దాని మీద అంకెలు. ఆ అంకెలు కొట్టి ఆటను ఇంటర్నెట్ నుంచి దించుకోవాలి. రేపల్లెలో ఆ లైనుకు మూడు రోజులు పట్టింది. ఖాళీ డబ్బాను అందంగా అచ్చేసి, ప్లాస్టిక్ చుట్టి అమ్మారు. నాకు తినేసిన విస్తరిని మడతపెట్టి చేతికిచ్చినట్టనిపించింది.

కంట్రోలర్ సంగతి ఇంకా దారుణం. వెనకటి వాటిలో బటన్ల కింద రాగి చుక్కలుండేవి, టంకం పెడితే పట్టేది. ఇందులో పలచని ప్లాస్టిక్ పొర మీద మసిలాంటి గీతలు ముద్రించారు. సోల్డరింగ్ ఐరన్ దగ్గరికి తెస్తే చాలు, ముడుచుకుపోతుంది. అప్పుడు నేను సులువు దారి వెతికాను. అగ్గిపెట్టెంత కన్వర్టర్ ఒకటి దొరుకుతుంది. అది మధ్యలో పెడితే పాత కంట్రోలర్ వైర్లు కొత్త మెషీన్‌కు అర్థమవుతాయి. చెక్కను దానికి తగిలించాను. పనిచేసింది. ఏడాది పాటు పనిచేసింది.

ఆ ఏడాదిలో ఆపా ఎవరెవరితోనో ఆన్‌లైన్‌లో కార్ల పందేలు ఆడింది. మధ్యాహ్నం ట్యూషన్ పిల్లలు రాకముందు, రెండు గంటలు. చెవిలో మైకు పెట్టుకుని మాట్లాడేది కూడా. ఎవరికీ తన చెయ్యి సంగతి తెలియదు, తను చెప్పలేదు. ఒకసారి ఫోనులో నాతో, ఒక పెద్దాయన తనను పెద్ద ఆఫీసరనుకుంటున్నాడని చెప్పి నవ్వింది.

బాపట్ల షాపు ఓనరు ఒక ఆదివారం కల్యాణ మండపం తీసుకుని కార్ల పందెం పెట్టాడు. కంపెనీ వాళ్ళు కూడా వస్తున్నారన్నాడు. మా ఆపా గురించి నేనే గొప్పగా చెప్పి ఉన్నాను కాబట్టి ఇంటికి ఫోను చేసి, తప్పకుండా రావాలమ్మా అని పిలిచాడు. ఆపా చీర ఇస్త్రీ చేసుకుంది. నేను ముందురోజే రేపల్లె వెళ్ళాను. పొద్దున్నే పట్టా సంచిలో చెక్క పెట్టుకుని, నగరం అనే ఊరి మీదుగా వెళ్ళే బస్సెక్కాం. దారంతా ఆపా మలుపుల గురించే మాట్లాడింది. ఏ మలుపులో ఎక్కడ బ్రేకు వదలాలో నా మోకాలి మీద వేలితో గీసి చూపించింది.

మండపంలో పెళ్ళి కుర్చీలే వేశారు. వేదిక మీద పెద్ద టీవీలు, వాటి ముందు మెషీన్లు. పేరు పిలిచారు. నేను చెక్కను బల్ల మీద పెట్టి, పెడల్ కిందికి దింపి, కన్వర్టర్ తగిలించాను. చుట్టూ చూసేవాళ్ళు లేచి ముందుకొచ్చారు. టీవీ తెర మీద ఒక నల్లటి పెట్టె తెరుచుకుంది. ఈ పరికరానికి అనుమతి లేదు, దీన్ని తీసేయండి అని దాని అర్థం. తీసి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అదే. పక్క మెషీన్‌కు పెట్టాను. అక్కడా అదే.

కంపెనీ తరఫున వచ్చిన ఆయన మెడలో కార్డు వేసుకుని ఉన్నాడు. వంగి చూసి, పొద్దున్నే కొత్త అప్‌డేట్ వేశామని చెప్పాడు. కంపెనీ ఒప్పుకోని పరికరాలన్నీ ఇక పనిచేయవట. ఎందుకని అడిగాను.

"సెక్యూరిటీ కోసమండి. ఆటలో మోసం చేసేవాళ్ళు ఇలాంటివే వాడతారు."

ఆపా కుర్చీలోంచి తలెత్తి చూసింది. "నేనేం మోసం చేశానండి?" అంది.

మిమ్మల్ని అనలేదు మేడం అన్నాడాయన. చాలా మర్యాదగా అన్నాడు. అక్కడ అందరూ మర్యాదగానే ఉన్నారు. ఓనరు నిమ్మకాయ సోడా తెప్పించాడు. అప్‌డేట్ తీసేయడం కుదరదా అని నేను అడుగుతూనే ఉన్నాను. కుదరదట, వెనక్కి వెళ్ళే దారి ఉండదట. ఇంతలో కార్డు మనిషికి ఏం తోచిందో, పోనీ మేడంగారు ఇంత దూరం వచ్చారు, ఒక ఫోటో తీసుకుందాం అన్నాడు. ఆపా జవాబు చెప్పేలోపే కొత్త కంట్రోలర్ తెచ్చి ఒళ్ళో పెట్టాడు. ఆమె ఎడమచేత్తో పట్టుకుంది. ఆయనకు అది నచ్చలేదు. వంగి, మా ఆపా కుడి చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని ఎత్తాడు. బల్ల మీద పూలకుండీని సర్దినట్టు సర్దాడు. ఒక్కొక్క వేలూ విప్పి కంట్రోలర్ చుట్టూ మడిచాడు. అది జారిపోతే మళ్ళీ మడిచి, బొటనవేలిని బటన్ మీద ఆనించి, కదలకండి మేడం అని వెనక్కి తగ్గాడు.

ఆపా కదల్లేదు. మొహంలో ఏమీ లేదు. ఫోను రెండుసార్లు మెరిసింది.

నేను కన్వర్టర్ వైరు చేతికి చుట్టుకుని రెండడుగుల దూరంలో ఉన్నాను. నోరు పెగల్లేదు. ఆ షాపు నాకు పనిస్తుంది, ఆ ఓనరు నన్ను చెల్లెమ్మా అంటాడు, ఇంతమంది చూస్తున్నారు. ఈ మూడూ ఆ క్షణంలో నా బుర్రలో ఉన్నాయి. ఇప్పుడు ఎంత కడుక్కున్నా పోనిది అదే.

తిరుగు బస్సులో ఆపా కిటికీ వైపు కూర్చుంది. కుడి మణికట్టును కొంగుతో తుడిచింది. కాసేపాగి మళ్ళీ తుడిచింది. నగరం దాటాక నా వైపు తిరక్కుండానే మాట్లాడింది.

"అమ్మ కూడా అడిగి ముట్టుకునేది."

"తెలుసు ఆపా."

"నువ్వు చూస్తూ నిలబడ్డావు."

రేపల్లెలో దిగగానే నేను బస్టాండు గోడ పక్కన వాంతి చేసుకున్నాను. ఆపా సీసాలో నీళ్ళిచ్చి, నా వీపు నిమిరింది. అది ఇంకా భరించలేకపోయాను.

ఇంటికెళ్ళి చూస్తే తన మెషీన్ కూడా ఆ అప్‌డేట్ వేసేసుకుని కూర్చుంది. మమ్మల్ని అడగలేదు. చెక్క పెడితే అదే నల్లటి పెట్టె. మర్నాడు కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోను చేశాను. నలుగురి చేతులు మారాక ఒకామె దొరికింది. చేతులు సరిగా లేనివాళ్ళ కోసం కంపెనీయే ఒక ప్రత్యేకమైన పరికరం తయారుచేసిందని సంతోషంగా చెప్పింది. ఎక్కడ దొరుకుతుందని అడిగాను. మన దేశంలో ఇంకా అమ్మడం లేదంది. మరి అప్పటిదాకా మా అక్క దేంతో ఆడాలని అడిగాను. మీ అభిప్రాయాన్ని పైవాళ్ళకు పంపిస్తానంది. ఫోను పెట్టేశాక కూడా, లైనులో ఆపినప్పుడల్లా మోగిన ఆ సంగీతం చెవిలో జిగటగా అంటుకుని ఉంది.

ఆ రెండు వారాలూ నేను వేరే పనులు సరిగా చేయలేదు. కంపెనీ కంట్రోలరే కొని, దాన్నే విప్పి, మసి గీతల జోలికి పోకుండా ఆ ప్లాస్టిక్ పొర బోర్డును కలిసేచోట చుక్కలు వెతికాను. ఆవగింజలో పావు వంతుంటాయి. మొదటిదాని బోర్డు కాల్చేశాను. రెండోదాంట్లో ఒక చుక్క ఊడి ఐరన్ మొనకు అంటుకుని వచ్చేసింది. ఆ పనంతా చేస్తున్నప్పుడు నాకు కోపం రాలేదు, ఏవగింపు మాత్రమే ఉండింది. కంట్రోలర్ చేసినవాళ్ళు మంచి పనివాళ్ళు, ఆ సంగతి లోపల చూస్తే తెలుస్తుంది. వేలికి ఎదురు తన్నే ఆ చిన్న మోటారు ఎంత ముచ్చటైన పని. అంత పనితనాన్ని తీసుకొచ్చి, ఇంకెవ్వరూ చెయ్యి పెట్టకుండా జిగురు పోసి మూసేశారు.

ఆ రోజుల్లోనే ఒక కస్టమర్ నాకు చెప్పాడు, మీ అక్కగారు బోర్డు మీద పడ్డారండి అని. బాపట్లలో మెయిన్ రోడ్డు మీదట. మర్నాడు పొద్దున రైలెక్కి వెళ్ళాను. షాపు పైన, రెండంతస్తుల ఎత్తున పెద్ద ఫ్లెక్సీ. అందులో మా ఆపా. ఇస్త్రీ చీర, తీర్చిన జడ, రెండు చేతులతో కంట్రోలర్. కుడి బొటనవేలు బటన్ మీద. కింద పెద్ద అక్షరాలతో రాశారు, ఆటకు అడ్డు లేదు అని.

రోడ్డు మధ్యలో ఎంతసేపు నిలబడ్డానో, ఆటోవాడు హారన్ కొడితే జరిగాను.

లోపలికెళ్ళి ఓనరుతో అది దింపించమని చెప్పాను. ఆయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "మంచి ఉద్దేశంతోనే పెట్టాం కదమ్మా. అందరూ మెచ్చుకుంటున్నారు" అన్నాడు. ఆ చెయ్యి మా అక్క పెట్టలేదని, మీ మనిషి పెట్టాడని, ఆ రోజు మా అక్క ఒక్క మలుపు కూడా తిప్పలేదని చెప్పాను. కంపెనీవాళ్ళతో మాట్లాడాలి అన్నాడు. మాట్లాడండి అని అక్కడే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వచ్చిన ప్రతి కస్టమరూ ఏంటమ్మా అంటే, ఏంటో చెప్పాను. మండపంలో పెగలని నోరు ఇక్కడ ఎలా పెగిలిందో నాకే తెలియదు. మూడో కస్టమర్ తర్వాత ఓనరు ఫ్లెక్సీవాళ్ళకు ఫోను చేశాడు. మధ్యాహ్నానికి నిచ్చెన వేసి దింపారు.

దాన్ని చాప చుట్టినట్టు చుట్టి నా ముందు పెట్టాడు. "తీసుకెళ్ళమ్మా, వానాకాలం పైన కప్పుకోడానికి పనికొస్తుంది" అన్నాడు. చెడ్డగా అనలేదు. ఇక్కడ అందరూ ఫ్లెక్సీలు అలాగే వాడతారు. కోళ్ళ గూళ్ళ మీద, కట్టెల మీద, మోటారు షెడ్ల మీద. మా ఆపా మొహం కోళ్ళ గూటి మీద కనిపించింది నాకు. కత్తెర అడిగి తీసుకుని, ఆమె బొమ్మ ఉన్నంత మేరా కత్తిరించి మడిచి సంచిలో పెట్టుకున్నాను. మిగిలింది అక్కడే వదిలేశాను. ఆ షాపు నుంచి నాకు పని ఆగిపోయింది.

నేరుగా రేపల్లె వెళ్ళి ఆపాకు అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. చివరిదాకా విని, ఆ ముక్క చూపించమంది. నేల మీద పరిచాను. ఆమె బొమ్మ గదిలో సగం ఆక్రమించింది. ఆపా దాని పక్కన కూర్చుని, కుడి చేతి దగ్గర చాలాసేపు ఆగిపోయింది.

"మామూలుగానే ఉంది కదే చెయ్యి" అంది. "చూసినవాళ్ళకి తెలియదు."

తెలియదన్నాను.

"చిన్నప్పుడు ఇలా ఒక ఫోటో కావాలని ఎంత ఏడ్చానో. నువ్వు పుట్టలేదు అప్పటికి." బొమ్మ మీంచి చూపు తిప్పుకుని, "ఇప్పుడొచ్చింది, చూడబుద్ధి కావట్లేదు" అంది. తనే ఎడమచేత్తో ఒక అంచు పట్టుకుంది, రెండో అంచు నన్ను పట్టుకోమంది. ఇద్దరం మడతపెట్టాం. పెరట్లో దాన్ని కాల్చాం. ప్లాస్టిక్ కదా, నల్లటి పొగ, గొంతు మండే కంపు. ముక్కులు మూసుకుని, అది పూర్తిగా ముద్దయ్యేదాకా కర్రతో తిప్పాం. నన్ను క్షమించానని ఆపా అనలేదు. నేను అడగలేదు.

మూడో కంట్రోలర్ బతికింది. వెంట్రుకంత రాగి తీగతో ఆ చుక్కలన్నీ బయటికి లాగి, పైన గమ్ము వేసి, నాన్న చెక్కకు కలిపాను. లోపలున్నది కంపెనీ సొంత బోర్డే కాబట్టి మెషీన్ కిమ్మనలేదు. వణికే మోటారును కూడా వదలకుండా తీసి, చెక్క అడుగున ఆపా ఎడమ అరచెయ్యి ఆనేచోట బిగించాను. రేపల్లె తీసుకెళ్ళి పెట్టాను. నల్లటి పెట్టె రాలేదు.

ఆపా పెడల్ మీద కాలు పెట్టింది. మొదటి మలుపులో గోడకు గుద్దింది, రెండోదాంట్లోనూ గుద్దింది. గులకరాళ్ళ మీదికి వెళ్ళినప్పుడు చెక్క వణికితే చెయ్యి తీసేసి మళ్ళీ పెట్టింది. పందెంలో ఆఖరున వచ్చింది. మళ్ళీ మొదలుపెడుతూ, ఇంకో అప్‌డేట్ వస్తే ఇది కూడా ఆగిపోతుందా అని అడిగింది. ఆగిపోవచ్చు అన్నాను. వాళ్ళ చేతిలో ఉందన్నాను. చెబుతుంటే నాకే నోరు చేదుగా అయింది.

ఆమె మళ్ళీ పెడల్ తొక్కింది. రోడ్డు మీదే చూపు. కాసేపటికి, టీవీకి అడ్డంగా కూర్చున్నానని నన్ను జరగమంది.